కలివి పొద పీకి నాటిన మొక్క

మా గల్లీ చివర, గుట్ట మొదట్లో, బండ నెర్రెలో ఒక కలివి పొద, అదే వాక్కాయ చెట్టు, ఉండేది. నా నడుమెత్తు. గంపెడు మట్టి కూడా లేని చోట, ఎవరూ చెంబెడు నీళ్లు పోయకుండానే ఎండాకాలంలో తెల్లగా పూసేది. మార్కెట్‌కు పోయే పసుపు బస్తాల లారీల దుమ్ములోనూ ఆ పూల వాసన మా వాకిట్లోకి వచ్చేది. దాన్ని పీకించిన వాళ్ల మీద నాకింకా కోపం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

వానలు పడగానే పచ్చికాయల కోసం, నేను ఖాలా (పిన్ని) అని పిలిచే పక్కింటామె వచ్చేది. పాత చున్నీ కింద పరిచి, కట్టెతో కొమ్మల్ని తట్టి రాల్చుకునేది. ఉప్పునీళ్లలో కడిగి, పాలు పోగొట్టి తొక్కు పెట్టేది. పెద్ద జబ్బు చేసి లేచినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించదు. ఆ తొక్కు ఉంటేనే కడుపునిండా తినేది.

గల్లీలో అందరికీ ఆ పొదతో పనుండేది. ఎవరు ఇంటి ముందు మొక్క నాటినా, మేకలు మేయకుండా ఈ పొద పక్క కొమ్మలు నరికి చుట్టూ ముండ్లకంప పెట్టేవాళ్లు. మొదలు మాత్రం ఎవరూ ముట్టలేదు.

కిందటేడు వానల్లో మా కాలనీ కమిటీ పెద్దమనిషి మొక్కలు నాటే కార్యక్రమం పెట్టాడు. ఫొటోలో వెనక గుట్ట కనబడాలట, పొద అడ్డమట. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి జేసీబీ దాన్ని వేర్లతో సహా పెకిలించేసింది. కాయలు బురదలో నలిగి పాలు కారుతున్నాయి. ఖాలా వంగి, మిగిలినవి ఏరుకుంటోంది. ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

"గది ఉత్త ముండ్లచెట్టు మేడం. దాని జాగల మంచి చెట్టు పెడ్తున్నం గదా," అన్నాడు తాపీగా.

ఖాలా ఏరిన కాయల్ని చున్నీ చెంగులో మూటగట్టుకుని ఇంటి దారి పట్టింది. అది చూసి నాకు ఇంకా మండింది. ఎందుకు ఊరుకున్నావని ఇంటికొచ్చాక ఆమె మీదే ఎగిరాను.

"నాదని ఎట్ల చెప్పాలె బేటీ? నేను నాటిన్నా, నీళ్లు పోసిన్నా?" అంది.

ఎవరూ నాటనిది ఎవరైనా పీకొచ్చా? ఇదెక్కడి న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

వారం తిరక్కముందే మేకలు కొత్త మొక్క చిగుళ్లు కొరికేశాయి. పెద్దమనిషి మా గేటు దగ్గరికొచ్చాడు. జర ముండ్లకంప కావాలి, ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

"మీరు మొక్క పెట్టిన గుంతల్నే ఉండె," అన్నాను.

నేనేదో పరాచికమాడానని నవ్వాడు. సాయంత్రం పచ్చ వల జాలీ తెచ్చి కట్టించాడు. మేకలు పైనుంచి మూతి పెట్టి మిగిలిందీ మేసేశాయి. ఇప్పుడక్కడ ఒక ఎండుపుల్ల, దాని చుట్టూ జాలీ ఉన్నాయి.

ఈ ఏడు వానలు పడ్డాక కలివికాయల కోసం కూరగాయల అంగళ్లన్నీ తిరిగాను. బాల్కొండ ఊరికి పోయే తొవ్వలో బస్సు దిగి మరీ వెతికాను. దొరకలేదు. నిమ్మకాయ తొక్కు తీసుకుపోయి ఖాలా పళ్లెంలో వేశాను. నా మనసు నొచ్చుకోకూడదని బాగుందంది. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది.