పచ్చరంగు వెయ్యని వాలు

లొరెల్ పాస్కో గోళ్ల కింద పచ్చరంగు చేరి పందొమ్మిదేళ్లయింది. బట్టల సబ్బు పెట్టి చూసింది, నిమ్మచెక్కతో రుద్దింది, గిన్నెలు తోమే పీచుతో చర్మం ఎర్రబడేదాకా గీకింది. పోలేదు. కూతురు టామ్సిన్ పసిపిల్లగా ఉన్నప్పుడు ఎత్తుకునే ముందు మూడుసార్లు చేతులు తోముకునేది. అయినా పాలసీసా మీద పచ్చటి వేలిముద్ర కనబడేది. ఆ రంగు విషం కాదని డబ్బా మీద రాసే ఉంటుంది. ఆమె చదివింది. చదివి, మళ్లీ వెళ్లి తోముకునేది.

ఆ రంగే ఆమెకి అన్నం పెట్టింది. బ్రిస్బేన్‌కి పడమట గంటన్నర దూరంలో గుట్టల్ని కోసి ఇళ్ల కాలనీలు కడుతుంటారు. కోసిన చోట మిగిలే ఏటవాలు గట్లు వానకి జారిపోకుండా పిచికారీ చేయడం ఆమె పని. లారీ మీద పెద్ద ట్యాంకు, అందులో తిరిగే ఇనప తెడ్లు. కాగితపు గుజ్జు, చెరకు పిప్పి, గరిక గింజలు, అవి మొలిచేలోపు నేలని కప్పడానికి తొందరగా లేచే ఊదలు, ఎరువు, వేళ్ల మధ్య తీగలా సాగే జిగురు, చివర్లో పచ్చరంగు. ఎక్కడ కొట్టారో ఎక్కడ వదిలారో గొట్టం పట్టుకున్న మనిషికి తెలియాలని ఆ రంగు కలుపుతారు. మొలకలు వచ్చేసరికి ఎండకి వెలిసిపోతుంది.

దాని పని అంతవరకే అయ్యుంటే లొరెల్‌కి ఇంత రోత పుట్టేది కాదు. పనిలో చేరిన మొదటి ఏడాదే సంగతి తెలిసింది. కౌన్సిల్ నుంచి వచ్చే ఇన్‌స్పెక్టర్ కారు దిగడు. అద్దం దించి చూస్తాడు. గట్టు పచ్చగా ఉంటే తల ఊపి సంతకం పెట్టి పోతాడు. అందుకని ఆయన వచ్చే ముందురోజు రంగు రెండింతలు పోయించడం సైట్లలో వాడుకైపోయింది. దాన్ని 'పచ్చరోజు' అని పిలుచుకుంటూ నవ్వుకుంటారు. ఆ నవ్వుల్లో కొన్నేళ్లు లొరెల్ నవ్వు కూడా ఉంది. ఆమె పచ్చగా చేసిన గట్లలో కొన్ని తర్వాతి వానకే వాగులోకి దిగాయి, వాగు నెలరోజులు పాల టీలా పారింది. ఆ దారిన వెళ్లాల్సి వస్తే ఆమె చుట్టు తిరిగి వేరే రోడ్డు పట్టేది.

ఆమె తండ్రికి బండబర్గ్ దగ్గర చెరకు తోట ఉండేది. అందరూ ఆకు కాలిపోవాలని తోటని తగలబెట్టి నరికే రోజుల్లో ఆయన పచ్చిగానే నరికి, ఆకంతా నేలమీదే పరుపులా వదిలేశాడు. బద్ధకిష్టి అని ఊరు ఊరంతా నవ్వింది. ఆ ఏడు తుపానులో పక్కవాళ్ల మట్టి ఏటిలోకి పోయింది, ఆయన మట్టి కదల్లేదు. తడిసిన ఆకు ఎత్తి చూపిస్తూ తండ్రి ఒక్క మాట కూడా చెప్పలేదు. పదేళ్ల లొరెల్‌కి చెప్పాల్సిన అవసరమూ కనబడలేదు. నేలని కప్పడం అంటే ఏమిటో అలా నేర్చుకున్న మనిషి, నేలకి రంగు పూసి బతుకుతోంది. తండ్రి బతికున్నంత కాలం తన పని ఎలా ఉంటుందో ఆయనకి వివరంగా చెప్పలేదు.

వాటిల్ రిడ్జ్ కాలనీలో రెండో విడత గట్టు దగ్గరికి ఆమె ఒక మంగళవారం వెళ్లింది. మూడంతస్తుల ఎత్తు. కింద కొత్తగా కట్టిన పసిపిల్లల బడి, సోమవారం తెరుస్తారు. గట్టు పాదాన్నే కంచె, కంచె వెనకే ఇసక ఆటస్థలం, ఆ తర్వాత వరండా. వరండా గోడకి సంచులు తగిలించుకునే కొక్కేలు వరసగా, పెద్దవాళ్ల మోకాలెత్తున బిగించి ఉన్నాయి. ఒక్కో కొక్కెం మీద ఒక్కో జంతువు బొమ్మ. లొరెల్ ఆ కొక్కేల వంక, గట్టు వంక మార్చి మార్చి చూసింది.

సైటు మేనేజరు కెరోడ్ మాడొక్ వచ్చాడు. టామ్సిన్ కన్నా పదేళ్లు పెద్దవాడేమో. చేతిలో సగం తిన్న మాంసం పఫ్.

"లొర్, శుక్రవారం పొద్దున ఇన్‌స్పెక్టర్. గురువారానికి పచ్చరోజు కానిచ్చెయ్. నీకు కొత్తగా చెప్పేదేముంది."

లొరెల్ లారీలోంచి గాజుసీసా తీసింది. ఇంటి కప్పు మీద పడ్డ వాననీళ్లు అందులో ఎప్పుడూ ఉంటాయి. గట్టు నుంచి గోలీ అంత మట్టిబెడ్డ తీసి వేసింది. రెండు నిమిషాలు గడవకముందే బెడ్డ చుట్టూ మబ్బు పట్టింది. కాసేపటికి సీసా నిండా గంజి కలిపినట్టయింది. అది చౌడు మట్టి అని, సోడియం ఎక్కువ కావడంతో నీళ్లు తగలగానే రేణువు రేణువుని వదిలేసి లోపల్లోపల బొరియలు పడతాయని చెప్పింది. పైన కొట్టిన గుజ్జు ఆ మట్టితో పాటే కిందికి దిగుతుందంది. జిప్సం చల్లి జానెడు లోతు కలియదున్నాలి, మీద జనపనార వల పరచి మేకులు కొట్టాలి, ఆ తర్వాతే పిచికారీ. పది రోజులు పడుతుంది.

కెరోడ్ ఆమె దగ్గరే ఇంకో సీసా అడిగి తీసుకుని, సైటు కుళాయి దగ్గర నింపి, తనూ ఒక బెడ్డ వేశాడు. అది చెక్కు చెదరలేదు.

"చూడు, మా మామ పబ్బులో కూర్చున్నట్టు కూర్చుంది. కదులుతుందా అది?"

పనివాళ్లు నవ్వారు.

"అవి బోరు నీళ్లు కెరోడ్. అందులో ఉన్న ఉప్పులే దాన్ని పట్టి ఉంచాయి. ఆకాశం నుంచి నీకు బోరు నీళ్లు పడతాయా?"

ఈసారి కూడా నవ్వారు కానీ కొంచెం తగ్గి. ఆ చుట్టుపక్కల సైటు సైటుకీ జరిగే తప్పే ఇది. చేతికందిన నీళ్లతో పరీక్ష చేసి మట్టి మంచిదని రాసేసుకుంటారు. కెరోడ్ పఫ్ చివరి ముక్క నోట్లో వేసుకుని, కాగితం ఉండ చుట్టి గట్టు మీదికి విసిరాడు.

"నీ పని కొట్టడం. మట్టికి వైద్యం చెయ్యమని ఎవరూ పిలవలేదు. నువ్వు కాకపోతే ఇంకో లారీ వస్తుంది."

అది నిజం. కాదని వెళ్లిపోతే ఇంకో లారీ వచ్చి పచ్చగా పూస్తుంది, అద్దం దిగుతుంది, తల ఊగుతుంది, సోమవారం పిల్లలు వస్తారు. రెండు రోజులు ఆమెకి కళ్లు మూస్తే ఆ కొక్కేలే.

గురువారం వెళ్లింది. గుజ్జు, పిప్పి, గింజలు, ఎరువు, జిగురు, అన్నీ కొలత ప్రకారం పోసింది. రంగు డబ్బా మూత తియ్యలేదు. రంగు లేకుండా కొట్టడం చీకట్లో గోడకి సున్నం వేసినట్టే. గట్టు పొడవునా కర్రలు పాతుకుని, ఒక్కో పట్టీ పైనుంచి కిందికి కొట్టి, అయిందనడానికి గుర్తుగా కర్ర పీకి, సాయంత్రం దాకా చేసింది. అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆమె ఎన్నడూ పనిచేయలేదు. పనంతా అయ్యాక గట్టు ఎండిన పేడ రంగులో మిగిలింది. కెరోడ్ ఆ రోజంతా ఊళ్లో మీటింగులో ఉన్నాడు.

శుక్రవారం పొద్దున ఇన్‌స్పెక్టర్ కారు వచ్చింది. అద్దం దిగింది. కాసేపు కదలిక లేదు. తర్వాత తలుపు తెరుచుకుంది. ఇన్నేళ్లలో ఆయన పూర్తి ఎత్తు లొరెల్ చూడటం అదే మొదలు. తను అనుకున్న దానికన్నా పొట్టివాడు. బూట్లు కొత్తవి.

కెరోడ్ ఆమె పక్కకి వచ్చి పళ్లు బిగించి అడిగాడు.

"రంగు మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

ఇన్‌స్పెక్టర్ గట్టెక్కి నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగు చీలమండ దాకా దిగింది. కాలు పైకి లాగితే, కింద మోచెయ్యి పట్టేంత బొరియ కనబడింది. వారం కిందటి చిన్న జల్లు చేసిన పని అది. లొరెల్ తన సీసా అందించింది. ఆయన దాన్ని వెలుగుకి పట్టి చూశాడు, ఇంతకుముందు తను సంతకం పెట్టిన గట్ల గురించి ఏదో అడగబోయి ఆగిపోయాడు. బడి తెరవకూడదని రాసి ఇచ్చాడు. కెరోడ్ లొరెల్‌ని సైటులోంచి పొమ్మన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం వాన దిగింది.

సోమవారం ఎవరూ పిలవకపోయినా ఆమె వెళ్లింది. గట్టు నడుం దగ్గర విరిగి కూర్చుంది. కంచె పడుకుంది. ఇసక ఆటస్థలం ఎక్కడుండేదో తెలియడం లేదు. బురద వరండా ఎక్కి గోడని పట్టుకుంది. కంగారూ బొమ్మ కనబడటం లేదు, ముళ్లపంది కనబడటం లేదు, కొఆలాకి చెవులు మాత్రం మిగిలాయి. ఆమె కొట్టిన గుజ్జు ఆ బురద మీద మీగడలా తేలుతోంది, అందులో ఊద గింజలు అప్పుడే ఉబ్బాయి.

కెరోడ్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"పిల్లలెవరూ లేరు కాబట్టి సరిపోయింది," అన్నాడు, అది తన ఏర్పాటే అన్నట్టు.

లొరెల్ లారీ ట్యాంకు గొట్టం లాగి నీళ్లతో కొక్కేలు కడగడం మొదలుపెట్టింది. ఒక్కో బొమ్మ బయటపడుతుంటే, తను ఇంతకుముందు పచ్చగా పూసిన గట్ల కింద ఏమేం ఉండేవో ఒక్కొక్కటిగా గుర్తొస్తున్నాయి. ఒక బస్ స్టాపు. ఎవరివో కోళ్లు. ఉమ్మితే పోయే రోత కాదది.

"సరే, నీ జిప్సం వేయిద్దాం," అన్నాడు కెరోడ్ కొంతసేపటికి. "పది రోజులు తీసుకో. కానీ ఈసారి రంగు దండిగా పొయ్యి లొర్, ప్రారంభానికి ఫొటోలు తీస్తారు."

"వానలో తీయించు," అంది ఆమె.

జిప్సం జానెడు లోతు దిగేదాకా ఆమె ట్రాక్టరు వెనకే నడిచింది. వాననీళ్ల సీసాలో రోజూ ఒక బెడ్డ వేసింది. ఎనిమిదో రోజున నీళ్లు తేటగా నిలిచాయి. వల పరిచాక పిచికారీ కొట్టింది, రంగు డబ్బా మీద రాసిన కొలతకి ఒక్క చుక్క మించకుండా. బాగా వెలవెలబోతోందని కెరోడ్ గొణిగాడు. ఇంటికెళ్లి ఆమె చేతులు మూడుసార్లు తోముకుంది, ఎత్తుకోవడానికి ఇంట్లో పసిపిల్ల లేకపోయినా.

మర్నాడు పొద్దున సీసాని కొత్త వాననీళ్లతో నింపుకుని, ఇన్నేళ్లూ తప్పించుకు తిరిగిన వాగు రోడ్డు పట్టింది.