మా ఆయన దీపం లెక్క

మా ఆయన పాత కార్ల మెకానిక్కు. వీధిలో అందరూ దీపం డాక్టరంటారు. కొత్త కార్లకు మిషను తగిలిస్తే జబ్బేమిటో అదే చెబుతుంది. పాతవాటికి ఆ సుఖం లేదు. స్టీరింగు కింద చిన్న సాకెట్టు ఉంటుంది. దాని రెండు కన్నాలను వైరుముక్కతో కలిపి తాళం తిప్పితే, ముందున్న ఇంజిను దీపం మిణుకుమంటుంది. రెండుసార్లు వెలిగి, కాస్త ఆగి, నాలుగుసార్లు వెలిగితే ఇరవై నాలుగు. ఒక్కో అంకెకు ఒక్కో జబ్బు.

ఆయన పైకి లెక్కపెడతాడు. నేను పక్కన స్టూలేసుకుని షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో గీతలు గీస్తాను. నేను చదివింది రెండో తరగతే. అయినా ఇన్నేళ్లలో నా గీత తప్పిందని ఆయన నోట రాలేదు. మూడుసార్లు చూస్తాడు. మూడూ కలిస్తేనే పానా ముట్టుకుంటాడు.

ఆ రోజు మధ్యాహ్నం టీచరమ్మ కారు వచ్చింది. ఎత్తు ఎక్కుతుంటే ఇంజిను తడబడుతోందట. వెనక సీట్లో ఆవిడ చిన్న కూతురు నిద్రపోతోంది.

"ఒకటి, రెండు. ఒకటి, రెండు. ఇరవై రెండు," అన్నాడు ఆయన.

నేను గీసింది రెండు, నాలుగు.

"ఎక్కువ గీశావే."

"వెలిగినన్ని గీశాను. నా చేతికి చాదస్తం రాలేదు ఇంకా."

"కళ్లకొచ్చిందిలే."

టీచరమ్మ నవ్వింది. రెండోసారి ఆయన ఇరవై నాలుగన్నాడు. మూడోసారి మళ్లీ ఇరవై రెండు. నా గీతలు మూడుసార్లూ ఒకటే. ఇరవై రెండంటే నీళ్ల వేడి చెప్పే సెన్సరు, ఇరవై నాలుగంటే గాలి వేడి చెప్పేది. ఒకదానికి బదులు ఇంకోటి విప్పే రకం కాదాయన. మళ్లీ చూద్దామన్నాడు.

ఈసారి నేను దీపంతో పాటు ఆయన ముఖాన్నీ చూస్తూ కూర్చున్నాను.

"ఒకటి, రెండు," అన్నాడు. దీపం ఆగి మళ్లీ వెలిగింది. "ఒకటి, రెండు..." అక్కడ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. కళ్లూ తెరిచే ఉన్నాయి. వైరు పట్టుకున్న వేళ్లు కదల్లేదు. దీపం ఇంకో రెండుసార్లు వెలిగి ఆరిపోయింది, చాలాసేపు ఆగింది, మళ్లీ మొదటి నుంచి అందుకుంది. ఆ మొదటి రెండు వెలుగులకు మా ఆయన "మూడు, నాలుగు" అన్నాడు.

"ఇరవై నాలుగు. చూశావా, కుదిరింది."

కుదిరింది నిజమే. మధ్యలో తాను లేనన్న సంగతే ఆయనకు తెలియదు. ఆయన స్కూటరు సంగతి నాకప్పుడు తట్టింది. పోయిన వారం అది ఒక పక్కంతా గీసుకుని ఇంటికొచ్చింది. ఎక్కడ తగిలిందో గుర్తులేదంటే, అబద్ధమాడుతున్నాడని రెండు రోజులు సాధించాను.

నా గీతలు నాలుగుసార్లూ ఒకటే కాబట్టి ఆయన గాలి వేడి సెన్సరు ప్లగ్గు విప్పి, చిలుము గీకి బిగించాడు. తాళం చేతిలోకి తీసుకున్నాడు. తాను తోలి చూడనిదే ఏ కారూ అప్పగించడు.

"మీరూ ఎక్కండి టీచరమ్మా. మెట్ట ఎక్కే రోడ్డు మీద చూపిస్తాను."

నేను పుట్టి బుద్ధెరిగాక స్టీరింగు ముట్టినదాన్ని కాను. పోయి డ్రైవరు సీట్లో కూర్చున్నాను.

"దిగవే. వేళాకోళంగా ఉందా?"

"దిగను."

"పరాయివాళ్ల ముందు ఏమిటిది?"

"వాళ్ల పిల్ల వెనకాల పడుకుని ఉంది, అందుకే. దీపం ఒక చుట్టు తిరిగొచ్చేదాకా మీరు ఇక్కడ లేరు. మొన్న స్కూటరు మీదా లేరు."

"ఎవరు, నేనా?"

"మీరే. నోరు తెరుచుకుని."

ఆయన నన్ను చూశాడు, తర్వాత తలుపు మీది గీతల్ని చూశాడు. నా మాటను రోజుకు పదిసార్లు కొట్టిపారేస్తాడు. ఆ గీతల్ని ఏనాడూ కొట్టిపారేయలేదు. తాళం టీచరమ్మ చేతిలో పెట్టాడు.

"మీరే తోలండమ్మా. ఆసుపత్రి మీదుగా పోదాం."

ఆయన ముందు కూర్చున్నాడు, నేను వెనక పిల్ల పక్కన. మెట్ట మొదలవగానే, నాది ఉత్త అనుమానమని తేల్చడానికి కాబోలు, దారి పక్కన కరెంటు స్తంభాలు పైకి లెక్కపెట్టసాగాడు. నా దగ్గర సుద్దముక్క లేదు. వేళ్ల మీద పట్టాను.

"పదహారు. పదిహేడు."

తర్వాత మాట లేదు. స్తంభాలు మాత్రం వెళ్తూనే ఉన్నాయి. ఇంజిను ఒక్కసారి కూడా తడబడలేదు.

"పద్దెనిమిది," అన్నాడు.

నా వేళ్ల మీద అది ఇరవై ఒకటి.