నాలుగో రోజు దాకా ఆగిన కాగితం

పొద్దున అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే మెడ మీద ఎండ చురుక్కుమంటుంది. అది తగిలినప్పుడల్లా యాదగిరి గారు గుర్తొస్తారు. పంజగుట్టలో మా మందుల కంపెనీకి ఆయన మేనేజరు. నేను ఆయన కింద నాణ్యత విభాగం చూసేవాడిని. విదేశాల నుంచి తిరిగొచ్చిన వాళ్లకు ఆయన పెట్టిన నియమం ఒకటుండేది. మూడు రోజులు ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు, ఎవరి మీదా ఫిర్యాదు రాయకూడదు, పగలు నిద్రపోకుండా ఎండలో తిరగాలి. ఒళ్లు పూర్తిగా సర్దుకోవడానికి పది రోజులు పట్టినా, మొదటి మూడు రోజులే మనిషిని మోసం చేస్తాయని ఆయన నమ్మకం.

నేను అమెరికాలో రెండు వారాల శిక్షణ ముగించుకుని వచ్చినప్పుడూ అదే చెప్పారు. "గడియారం ముల్లు తిప్పుడు ఒక్క నిమిషం పని. ఒళ్లు గట్ల తిరగదు, దినానికి ఓ గంట జరుగుతది. నువ్వొచ్చినవ్ గని నీ బుర్ర ఇంక సముద్రం మీదనే ఉన్నది" అన్నారు. నాకు నవ్వొచ్చింది. విమానంలో కూడా డైరీ రాయడం మానని మనిషిని నేను. ఇంటికెళ్లి, కర్టెన్లు వేసుకుని మధ్యాహ్నమంతా పడుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు.

రెండో రోజు ఒక పరీక్ష రిపోర్టు నా బల్ల మీద కనబడలేదు. అది ఇవ్వాల్సిన రూతమ్మ మా ల్యాబులో తాత్కాలిక ఉద్యోగి. ఆ వారమే ఆమెను పర్మనెంట్ చేయాల్సి ఉంది. అందరి ముందూ నిలదీశాను. "పొద్దుగాల మీ చేతికే ఇచ్చిన గద సార్" అంది. అబద్ధాలాడొద్దని అరిచి, ఆమె నమ్మదగిన మనిషి కాదని ఫిర్యాదు రాసి యాదగిరి గారికిచ్చాను. ఆయన చదవకుండానే సొరుగులో పెట్టి తాళం వేశారు.

"నాలుగో దినం చూస్త" అన్నారు.

ఆ సాయంత్రం రిపోర్టు నా సంచిలోనే, టిఫిన్ డబ్బా కింద దొరికింది. అందుకున్నట్టు దాని మీద నా సంతకం, టైము కూడా ఉన్నాయి. పెట్టిన జ్ఞాపకం లేదు.

నాలుగో రోజు ఆయన ఆ ఫిర్యాదు కాగితం నా ముందు పెట్టి ఏం చెయ్యాలని అడిగారు. రిపోర్టు నా దగ్గరే ఉందని చెప్పి, చింపేశాను.

"మంచిది. ఆమెకు చెప్పినవా?"

"చెప్పాను సార్."

చెప్పలేదు. ఆయన నమ్మారు. రూతమ్మ ఉద్యోగం ఖాయమైంది కానీ, ఆమె అబద్ధమాడిందన్న నా మాట ల్యాబులో అలాగే నిలిచిపోయింది. చాలాకాలం ఆమె ఎవరికి ఏ కాగితం ఇచ్చినా పక్కన ఇంకొకరిని సాక్షిగా నిలబెట్టుకునేది. చూస్తూ ఊరుకున్నాను.

యాదగిరి గారు ఇప్పుడు లేరు. కోపంలో రాసింది ఏదైనా నాలుగో రోజు దాకా సొరుగులో ఉంచడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ అలవాటు తర్వాత చాలామందిని నా నుంచి కాపాడింది. రూతమ్మ మా యూసుఫ్‌గూడలోనే ఉంటుంది. కూరగాయల దగ్గర కనిపిస్తే "బాగున్నరా సార్" అని తనే పలకరిస్తుంది. బాగున్నానంటాను, అంతే.

ఆనాటి డైరీ రెండో రోజు పేజీలో "రూతమ్మ అబద్ధమాడింది" అని ఉంది. అది ప్రయాణపు మత్తులో రాశానని సర్దిచెప్పుకోగలను. ఆమెకు చెప్పానని ఆయనతో అన్న నాలుగో రోజు పేజీలో, అదే గుండ్రటి దస్తూరీలో, "బాగా నిద్రపట్టింది. తల తేలికగా ఉంది" అని రాసుకున్నాను.