వంటావార్పులో కుందేళ్లు

మా బీక్యా తాత పశువుల డాక్టరే గానీ, ఆవు పొదుగు ముట్టుకుని ఇరవై ఏళ్లయింది. కొలువు మొదట్లో భూపాలపల్లిలో ఎడ్లకు సూదులు వేశాడు. తర్వాత హైదరాబాదులో టీకాలు పరీక్షించే ప్రయోగశాలకు మారి, ఎలుకలకూ కుందేళ్లకూ పెద్ద డాక్టరయ్యాడు. సొంత లంబాడీ తండాలో అందరూ "ఎలుకల డాక్టరు" అని నవ్వేవారు. తాత మీసం దువ్వుకుని, "ఎద్దుకు జెరమొస్తే ఎవడైనా జెప్తడు. ఎలుకకొస్తే జెప్పుర్రి సూస్త!" అనేవాడు.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో తాత కూడా చేరాడు. తీరా చూస్తే ప్రయోగశాలలో మేత వేసేవాళ్లు లేరు, కరెంటు లేదు. గొర్రెల టీకా పరీక్షలో ఉన్న ఇరవై కుందేళ్లు పోతే ఆరు నెలల పని మట్టిపాలు. పైవాళ్లను ఫోనులో ఒప్పించి, వాటిని జీపులో ఎక్కించుకుని మహబూబాబాద్ దగ్గరి తండాకు బయలుదేరాడు. అక్కడైతే మా అమ్మమ్మ సక్రి వాటిని చూసుకుంటుంది.

జనగామ దాటి రఘునాథపల్లి చేరేసరికి రోడ్డు మీద పొయ్యిలు వెలిగి ఉన్నాయి. వంటావార్పు! ఉద్యమకారులు రోడ్డుకు అడ్డంగా కూర్చుని అక్కడే వండుకు తింటున్నారు. జీపు ఆగింది. ఎండ మాడ్చేస్తోంది. తాత ఒక కుందేలు చెవి పట్టి చూశాడు. కాలుతోంది. ఇంకో అరగంట ఇలాగే ఉంటే ఒక్కటీ దక్కదు.

వంట నడిపిస్తున్న ముత్తమ్మ జీపులోకి తొంగిచూసింది. ఊళ్లవాళ్లంతా బియ్యం, కూరగాయలు తెచ్చి ఇస్తున్న రోజులవి.

"ఓ భద్రన్నా! సారు కూరకు కుందేళ్లు తెచ్చిండే!"

గొర్ల కాపరి భద్రయ్య కత్తి పట్టుకుని రానే వచ్చాడు. జనం ఈలలు వేశారు.

"గివి తినేటివి గావే అక్కా! సూదులిచ్చినయి!" తాత జీపు తలుపుకు అడ్డం పడ్డాడు.

"గింత దూరం తెచ్చి ఇయ్యనంటవేంది సారూ? గంత పిసినారివా?" అంది ముత్తమ్మ.

"గొర్లకు బొబ్బల రోగమొస్తది గదా, దానికి కొత్త టీకా. గివి బతికితేనే టీకా."

భద్రయ్య కత్తి కిందికి దిగింది. "పోయినేడు నా మందల నలభై పోయినయి సారూ, గా రోగంతోనే." వెనక్కి తిరిగి అరిచాడు. "ఏం జూస్తుర్రు? షామియానా కిందికి మోయుర్రి!"

పంజరాలు నీడకు చేరాయి. చుట్టూ తడి గోనెసంచులు కట్టారు. ఎసరుకు పెట్టుకున్న డ్రమ్ములో నీళ్లన్నీ ముత్తమ్మ వాటికే ఇచ్చేసింది.

"మీద గుమ్మరియ్యకుర్రి! చెవులు తడుపుర్రి చాలు!" అని తాత అరుస్తుంటే, నినాదాలిచ్చే పిడికిళ్లు తడి గుడ్డలతో కుందేళ్ల చెవులు తుడిచాయి.

గంటకు చెవులు చల్లబడ్డాయి. తాత ఒక్కో పంజరంలో చెయ్యి పెట్టి చూశాడు. ఇరవైకి ఇరవై గడ్డి నములుతున్నాయి. అప్పుడు గాని ఆయనకు ఊపిరి ఆడలేదు. అక్కడే రోడ్డు మీద చతికిలబడ్డాడు.

ముత్తమ్మ విస్తరి తెచ్చి ముందు పెట్టింది. "తిను సారూ. నీళ్లన్ని నీ కుందేళ్లకే అయినయి. అన్నం జర పలుకైంది."

తాత ఆ పలుకన్నాన్నే మూడుసార్లు పెట్టించుకున్నాడు.