మిరప కళ్లంలో చెప్పిన వీడియో గేమ్

ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే మా చిన్నప్పుడు నేను ఇంటికి వెళ్లేదాన్నే కాదు... పుస్తకాల సంచితో నేరుగా మిరప కళ్లానికే పరుగు! సత్తెనపల్లి దగ్గర మా ఊరు. తాటాకు పందిరి కింద అమ్మ, అమ్మతోపాటు కూలి ముఠా ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని, ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరేవారు. ముక్కుకి పైటచెంగు కట్టుకుని... తుమ్ముతూ... నవ్వుతూ...

అక్కడ నా పని ఒక్కటే. వాళ్లకి వీడియో గేమ్ చెప్పడం!

అవునండీ, ఆడటం కాదు... చెప్పడం. ఊళ్లో కంప్యూటరు పాస్టరు గారింట్లోనే ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లబ్బాయి సుధీర్ అన్న గేమ్ ఆడుతుంటే మేం పిల్లలం వెనక నిలబడి చూసేవాళ్లం. తలకి గుడ్డ కట్టుకున్న ఒకమ్మాయి, తప్పిపోయిన నాన్న కోసం పాడుబడిన కోటలన్నీ వెతుకుతుంది... గోడలు ఎక్కుతుంది, తాడు పట్టుకుని ఊగుతుంది, పులితో కూడా కలబడుతుంది. సుధీర్ అన్న మౌస్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అందుకే చూసింది చూసినట్టు మోసుకొచ్చి కళ్లంలో చెప్పేదాన్ని.

చిక్కు కూడా అక్కడే వచ్చింది. సుధీర్ అన్న ఆటలో ఆ అమ్మాయి ఎన్నిసార్లు చస్తే అన్నిసార్లూ చెప్పేదాన్ని... అదీ కథలో భాగమే అనుకున్నాను మరి!

"వంతెన విరిగింది... ఆ అమ్మాయి కింద పడి చచ్చిపోయింది" అన్నాను ఒకసారి.

చేతులన్నీ ఆగిపోయాయి. మరియమ్మత్త కళ్లు తుడుచుకుంది... ఘాటుకో, బాధకో తెలియదు.

"మళ్లీ లేచి వంతెన ఎక్కింది."

"చచ్చింది ఎట్టా లేచిద్దే?"

"లేస్తుందత్తా. వెంటనే లేస్తుంది."

"వెంటనేనా! మన ప్రభువే మూడో రోజు దాకా ఆగాడు కదే!"

పందిరంతా నవ్వులు... ముఠా మేస్త్రి కోటేశ్వరమ్మ పెద్దమ్మ మాత్రం "నవ్వింది చాల్లే, చేతులాడించండే, కాయలు కొండంతున్నయ్" అని కేకేసేది. కానీ నేను ఒక్కరోజు రాకపోతే "ఏమే, నీ కూతురు ఏదే?" అని అమ్మని మొదట అడిగేదీ ఆవిడే.

ఆ ముఠాలో ఏస్తేరత్త ఒకావిడ. పని కోసం మార్కాపురం వైపు నుంచి వచ్చింది. నా ఈడు కూతుర్ని అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చిందట. నేను కథ చెబుతుంటే తనలో తను పెదాలు కదుపుకునేది... ఇంటికెళ్లి కూతురికి చెప్పాలని.

పని ముగింపుకొచ్చిన రోజున ఏస్తేరత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"రేపు పొద్దున్నే బండెక్కుతున్నామే రూతూ. ఆ పిల్లకి వాళ్ల నాయన దొరికాడా లేదా చెప్పు. సగం కథ పట్టుకుపోతే మా పిల్ల నన్ను ఇంట్లోకి రానియ్యదు."

ఆ సంగతి... నాకే తెలియదు!

ఆఖర్న ఒక గుహ ఉంది. అందులో ఒక రాయి. రాయి మీద నిలబడితే తలుపు తెరుచుకుంటుంది, దిగితే మూసుకుపోతుంది. నాన్న ఆ తలుపు వెనకే ఉన్నాడు. సుధీర్ అన్న రాయి దిగి పరుగెత్తేలోపే తలుపు దభీమని పడేది... ఆదివారాలన్నీ అక్కడే అయిపోయాయి.

చెప్పులు కూడా వేసుకోకుండా పాస్టరు గారింటికి పరుగెత్తాను. "అన్నా, ఇవాళ ఎట్టాగైనా గెలువన్నా!" అని బతిమాలాను. పాపం, చాలాసేపు ఆడాడు. తలుపు పడింది... మళ్లీ పడింది... చివరికి కరెంటు పోయింది.

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఏదో ఒకటి కల్పించి చెబుదామనే అనుకున్నాను. ఏస్తేరత్త ముఖం చూశాక నోరు రాలేదు. రాయి సంగతి, తలుపు సంగతి చెప్పి "ఆ తర్వాత నాకూ తెలియదత్తా" అని భోరుమన్నాను.

ఏస్తేరత్త నన్ను దగ్గరికి తీసుకుంది.

అప్పుడు మా అమ్మ నెమ్మదిగా అంది. "అయినా... అంత పనికి ఆ పిల్ల ఒక్కతే ఎందుకు పోయిందే?"

"అదీ మాట!" అంది కోటేశ్వరమ్మ పెద్దమ్మ. "ఒకతె రాయి మీద నుంచుంటే ఇంకొకతె లోపలికి పోయిద్ది. ముఠాగా పోవాల్సిన పని అది."

"క్యారేజీలు కూడా కట్టుకుపోవాల. ఆ నాయన తిండి తిని ఎన్నాళ్లయిందో!" అంది ఇంకొకావిడ.

"రాయి మీద మన మేస్త్రిని నిలబెడితే సరి. ఆవిడ బరువుకి తలుపు కాదు గదా, కొండ కూడా కదలదు" అంది మరియమ్మత్త.

కోటేశ్వరమ్మ పెద్దమ్మ గుప్పెడు తాలుకాయలు తీసి ఆవిడ మీదకి విసిరింది!

ఇక చూడాలి... తలా ఒక మాట అందుకున్నారు. ఆ అమ్మాయి ఊరికి తిరిగొచ్చింది, ముఠా కట్టింది, పదిమందితో గుహకి పోయింది. దారిలో పులిని కర్రలతో తరిమారు. ఆ పదిమందిలో కాగడా పట్టుకున్న పిల్లకి విడిగా ఒక కథ, పెళ్లి కూడా కుదిరాయి. పొద్దుగూకే వేళకి నాన్న బయటికొచ్చాడు. ఏస్తేరత్త మొత్తం కథని సండేస్కూల్లో కంఠత వాక్యంలా ఒకసారి అప్పజెప్పి, "ఇంక ధైర్యంగా ఇంటికి పోతా" అంది.

మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనే. ఇప్పుడు గుంటూరులో ఉద్యోగం. ఆ గేమ్‌కి ఈమధ్య భాగాల మీద భాగాలు వచ్చాయి... అందులో చిన్న పాత్రలకి వేరే గేమ్‌లు, కార్టూన్లు, సినిమా కూడా. ఆ సినిమా తెలుగు డబ్బింగ్‌లో టీవీలో వస్తే అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. అమ్మ సగంలోనే పెదవి విరిచింది. "ఇన్నేళ్లయింది... ఇంకా ఒక్కతేనా పోయేది!"

మొన్న ఊరెళ్లినప్పుడు కళ్లం వైపు వెళ్లాను. తాలుకాయలు ఏరుతున్న వాళ్లందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లు... ఎవరి పాట వాళ్లది, ఎవరి నవ్వు వాళ్లది. పనిలో అలుపు తెలియకపోతే మంచిదే కదా అనుకున్నాను. కానీ కాసేపు అక్కడే నిలబడిపోయాను... ఎవరైనా "ఆ తర్వాత ఏమైందే?" అంటారేమోనని.

ఏస్తేరత్త మళ్లీ మా వైపు రాలేదు. మార్కాపురం వైపు అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే... ఆ గేమ్ తయారుచేసినవాళ్లకి కూడా తెలియని ఈ ముగింపు మీ అమ్మ నోట విని ఉంటే... కింద ఒక్క మాట రాయండమ్మా. కథ ఇంటిదాకా చేరిందో లేదోనని మా అమ్మ ఇప్పటికీ అడుగుతోంది.