సందు కనబడితే కొబ్బరి మొక్క

అల్లవరం మండలానికి ఉద్యాన అధికారిగా నన్ను మొదటిసారి వేసింది కోనసీమ జిల్లా ఇంకా ఏర్పడని రోజుల్లో, ఒక తొలకరిలో. నా పని రైతుకు సలహా చెప్పడం. మా సీమలో సలహా వినడమంటే ‘ఆయ్’ అని తల ఊపి, ఆపైన తోచింది చేయడం.

సత్యవతిగారిది రెండెకరాల తోట. భర్త పోయాక ఆమెకు అదొక్కటే ఆధారం. సాగు మాత్రం మరిది వెంకటరత్నంగారి చేతిలో ఉండేది. కొబ్బరి చెట్టుకీ చెట్టుకీ మధ్య పాతిక అడుగులుండాలి. ఆ ఖాళీలో అరటి, కంద, కోకో వేస్తే అంతరపంట అంటాం. ఈ మహానుభావుడు అవన్నీ పీకించి, సందు కనబడిన చోటల్లా కొబ్బరి మొక్క పాతించారు. ఇంత చిక్కటి తోట మండలంలో ఎవరికీ లేదని కాలరెగరేశారు. నేను వద్దన్నాను.

“కొబ్బరి చెట్టు కొడుకులాంటిదండీ. ఎక్కువైతే నష్టమేంటండీ?” అన్నారు. ఇంత తెలివున్న చోట ఉద్యాన శాఖ దండగ.

సంగతి చిన్నదే. కందా కోకో నీడలో బతుకుతాయి. కొబ్బరికి కొబ్బరి అలా సర్దుకోదు; రెండింటికీ అదే లోతులో వేరు, అదే ఎత్తులో ఆకు, అదే ఎరువు, అదే పురుగు. పలచగా ఉంటే పక్క పంటను బతకనిస్తుంది. గుంపు కడితే కింద ఉన్నవాటిని చంపి, ఆనక తనవాళ్లనే తింటుంది.

బదిలీల మీద తిరిగి కొన్నేళ్లకు మళ్లీ అదే మండలానికి వచ్చాను. సత్యవతిగారి తోటలో సందుల్లో పాతిన మొక్కలు వెలుగు కోసం సన్నగా సాగి వంగిపోయాయి. పాత చెట్లకు గెలలు తగ్గాయి. ఆకూ ఆకూ రాసుకుంటూ ఉండడంతో రసం పీల్చే తెల్లదోమ తోటంతా పాకి, ఆకులు నల్లమసి కట్టాయి. వెంకటరత్నంగారు ఆఫీసుకొచ్చి ఏ మందు కొట్టాలని అడిగారు. గొడ్డలి అన్నాను. ఆయన చెవులు మూసుకున్నారు. పచ్చని కొబ్బరిచెట్టు నరకడం మహాపాపమట! వదినగారి పొయ్యి వెలగకపోవడం మాత్రం ఆయన పాపాల చిట్టాలో లేదు.

నేనే సత్యవతిగారింటికి వెళ్లి, ఏ చెట్లు కొట్టాలో, ఎందుకో చెప్పాను. ఆమె అంతా విని, పక్కనే ఉన్న మరిదివైపు తిరిగారు.

“ఆ పాపమేదో నాకే తగలనివ్వండి మరిదిగారూ. పస్తులకంటే పెద్దదేం కాదు.”

ఇరుకున పెట్టినవన్నీ నరికించారు. పాపం అంటుతుందని వెంకటరత్నంగారు ఆ పూట మలికిపురం వెళ్లి కూర్చున్నారు. నేలకు వెలుగు తగిలింది, కంద వేశారు. మిగిలిన చెట్లు తేరుకునేదాకా ఆమెకు తిండి పెట్టింది ఆ కందే.

నేను నేర్చుకున్నదొకటే. ఒకే జాతి ఎంత చిక్కబడితే అంతగా తననే అణుచుకుంటుంది; దాన్ని పలచన చేస్తేనే తక్కినవాటికి చోటు. పలచన చేయడానికి చేయి రానివాడు తోట జోలికి పోకపోవడమే మేలు.