ఈల వినిపించని అదురు

ఎనభైల్లో మాచర్ల దగ్గర మా మేనత్తది నాపరాళ్ల కప్పు ఇల్లు. పక్కనే క్వారీ. అక్కడ బండకు మందు పెట్టి పేల్చేముందు ఈల వేసేవారు. నేల అదిరిన ప్రతిసారీ అత్త చేతిలో పని ఆపి, "ఈల ఇనపడిందా?" అని అడిగేది. ఈల లేకుండా అదిరితే అది భూకంపమేనని ఆమె భయం. అటక మీది ఇత్తడి బిందెలన్నీ కిందికి దింపేసింది. తలుపుకు గడియ పెట్టనిచ్చేది కాదు. మేం నవ్వేవాళ్లం.

ఒకరోజు వంటింట్లో అన్నాల దగ్గర ఉండగా ఇల్లు అదిరింది.

"క్వారీలే, తినండి," అన్నాడు మామయ్య.

"ఈల ఎయ్యలా! లెగవండి!" అంటూ అత్త మా అందరినీ ఎంగిలి చేతులతోనే వాకిట్లోకి నెట్టింది. మేం బయటపడగానే కప్పురాయి ఒకటి జారి మామయ్య కంచం మీద పడింది.

ఆ వారమే మామయ్య ఆ చోట అంతకంటే మందమైన రాయి వేయించాడు. "ఇది కదల్దులేవే," అన్నాడు.

అత్త దాని కిందే వండేది, ఒక చెవి క్వారీ వైపే పెట్టి.